కలరా క్రిమి మందులకు ఎందుకు మొండికేస్తోంది?

గత వర్షాకాలంలో ఓ ఉదయం మా ఓపీకి అరవై దాటిన ఒక పెద్దావిడను కొడుకు, కోడలు ఆటోలో తీసుకొచ్చారు. రాత్రి పదింటి నుంచి ఆగకుండా నీళ్ల విరేచనాలు, మధ్యలో రెండు వాంతులు. కళ్లు లోతుకు పోయాయి. వేళ్ల మీద చర్మం చాకిరేవులో నానినట్టు ముడతలు పడింది. నాడి సరిగా అందడం లేదు. ఒకపక్క సెలైన్ పెట్టిస్తూనే, ‘ఏమైనా మందులు వేశారా?’ అని అడిగాను. కొడుకు జేబులోంచి కత్తిరించిన స్ట్రిప్ ముక్కలు తీశాడు. ‘రాత్రే మెడికల్ షాపులో ఇచ్చారండీ. మూడు రకాలు వేశాం.’ ఒకటి అజిత్రోమైసిన్. రెండోది ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన బిళ్ల. మూడోది మోషన్లు కట్టేయడానికి. ‘మరి ఓఆర్ఎస్?’ అంటే, ‘నీళ్లు తాగితే మళ్లీ అవుతాయేమోనని ఇవ్వలేదండీ’ అంది కోడలు.

రెండు చేతులకూ సెలైన్లు పెట్టాం. సాయంత్రానికి ఆవిడ మూత్రానికి వెళ్లారు, కోడలిని కాఫీ అడిగారు. ఇక ఫర్వాలేదనుకున్నాం. ఆవిడ గురించి నాకిప్పుడు దిగులు లేదు. ఆ స్ట్రిప్ ముక్కల గురించే మీతో మాట్లాడాలి. ఎందుకంటే ఆ మూడింటిలో రెండు రకాల మందులకు లొంగని కలరా క్రిమి ఈ మధ్య సముద్రాలు దాటి తిరుగుతోంది.

పది మందులకు లొంగని క్రిమి

2024 జనవరి చివర్లో టాంజానియా నుంచి హిందూ మహాసముద్రంలోని కొమొరోస్ దీవులకు ఒక పడవ వచ్చింది. అందులో కలరా ఉంది. నెలల్లోనే ఆ చిన్న దేశంలో పదివేల మందికి పైగా జబ్బుపడ్డారు. మార్చికల్లా పక్కనే ఉన్న మాయోట్‌కు పాకింది. మాయోట్ ఫ్రాన్స్ ఏలుబడిలోని దీవి. అక్కడి రోగుల నుంచి తీసిన క్రిములను ప్యారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు పరీక్షించి, జన్యువులన్నీ వరసగా చదివారు. ఈ క్రిమి పది రకాల యాంటీబయాటిక్స్‌కు లొంగడం లేదని తేలింది. కలరాకు నోటితో ఇవ్వడానికి సిఫారసు చేసే మందులు మూడే మూడు: డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్. వాటిలో రెండు ఈ క్రిమి మీద పనిచేయవు. డాక్సీసైక్లిన్ ఒక్కటే మిగిలింది. ఓఫ్లాక్సాసిన్ కూడా సిప్రోఫ్లాక్సాసిన్‌కు తోబుట్టువే, ఒకటి పోతే రెండోదీ పోయినట్టే.

ఇదే రకం క్రిమి అంతకుముందు యెమెన్‌లో, 2022లో లెబనాన్‌లో, ఆ తర్వాత కెన్యా, టాంజానియాల్లో కూడా కనిపించిందని ఆ శాస్త్రవేత్తలు 2024 డిసెంబరులో ప్రకటించారు. అంటే ఆరేడేళ్లలో అది పశ్చిమాసియా నుంచి తూర్పు ఆఫ్రికా తీరం దాకా ప్రయాణించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 2024లో నమోదైన కలరా కేసులు 5,60,000 పైచిలుకు, మరణాలు 6,000 పైచిలుకు. యుద్ధంలో ఉన్న ఒక్క సూడాన్‌లోనే 2024 జులైలో మొదలైన కలరా ఏడాదికల్లా లక్ష కేసులకు చేరువైంది.

‘యెమెన్ ఎక్కడ, మనమెక్కడ?’ అని మీరు అనొచ్చు. కానీ ఈ కథ మొదలైంది మన బంగాళాఖాతం ఒడ్డునే.

విషమూ అరువు సొత్తే

కలరా క్రిమిలో 200కు పైగా రకాలు (సీరోగ్రూపులు) ఉన్నాయి. ఎక్కువ భాగం నదులు సముద్రంలో కలిసేచోట, ఉప్పునీటిలో, పీతలు, రొయ్యల పొట్టునూ, నీటిలోని సూక్ష్మ జీవులనూ పట్టుకుని బతుకుతాయి. ఊళ్లను ఊపేసే శక్తి ఓ-1, ఓ-139 అనే రెండు రకాలకే ఉంది. ఆ శక్తి కూడా వాటికి పుట్టుకతో వచ్చింది కాదు. కలరా విషాన్ని తయారుచేసే జన్యువును ఒక వైరస్ మోసుకొచ్చి క్రిమిలో పెట్టిందని 1996లో అమెరికాలో వాల్డర్, మెకలానోస్ అనే శాస్త్రవేత్తలు కనిపెట్టారు. అసలు కలరాకు విషం అనేది ఒకటుందని అంతకు చాలా ముందే, 1959లో, కలకత్తాలో శంభునాథ్ డే కుందేళ్ల పేగుల మీద ప్రయోగాలు చేసి నిరూపించారు. ఆయన పేరు మన వైద్య విద్యార్థుల్లోనే చాలామందికి తెలియదు. అది వేరే బాధ.

ఈ విషం పేగు గోడలోని కణాల్లో ఒక కుళాయిని తెరిచి వదిలేస్తుంది. ఉప్పు బయటికి పోతుంది, దాని వెంట నీళ్లు పోతాయి. తీవ్రమైన కేసుల్లో గంటకు లీటరు దాకా పోవచ్చు. విరేచనం బియ్యం కడిగిన నీళ్లలా ఉంటుందనేది అందుకే. తెలంగాణలో ‘గత్తర’ అనీ, ఆంధ్రలో ‘వాంతిభేది’ అనీ మన తాతలు వణికింది ఈ జబ్బుకే.

మందులకు లొంగని గుణం కూడా ఇలాగే అరువుగా వస్తుంది. 1992 చివర్లో మద్రాసులో కొత్త రకం కలరా బయటపడింది. లోపల పాత క్రిమే గానీ పైపూత మారిపోయింది. దాంతో పాత కలరాను తట్టుకునే శక్తి ఉన్న పెద్దవాళ్లు కూడా పడిపోయారు. అదే ఓ-139. నెలల్లో కలకత్తాకు, బంగ్లాదేశ్‌కు పాకింది. మద్రాసులో దొరికిన ఆ క్రిముల్లో శాస్త్రవేత్తలకు ఇంకో వింత కనిపించింది. పెద్ద జన్యువుల మూట ఒకటి, ఒక క్రిమి నుంచి ఇంకో క్రిమికి దానంతటదే దాటుతోంది. దానికి ‘ఎస్ఎక్స్‌టీ’ అని పేరు పెట్టారు. సల్ఫామెథాక్సజోల్, ట్రైమెథోప్రిమ్, క్లోరంఫెనికాల్, స్ట్రెప్టోమైసిన్... ఇన్ని మందులకు నిరోధకత ఆ ఒక్క మూటలో ఉంది. మొదటి రెండూ కలిస్తే మన చిన్నప్పుడు ప్రతి ఇంటి డబ్బాలో ఉండే సెప్ట్రాన్ బిళ్ల.

తర్వాత 2011లో ప్రపంచమంతటి నుంచి సేకరించిన 154 కలరా క్రిముల జన్యువులను పోల్చి చూస్తే ఇంకో సంగతి తెలిసింది. 1961లో ఇండోనేసియాలో మొదలైన ఏడో కలరా మహమ్మారి బంగాళాఖాతం ప్రాంతం నుంచి కనీసం మూడు అలలుగా ప్రపంచం మీదికి వెళ్లింది. మద్రాసులో బయటపడిన మూటను కలరా క్రిమి దానికి పదేళ్ల ముందే, 1978-84 మధ్య ఎప్పుడో అందుకుందని ఆ లెక్క. ఏ దేశంలోనైనా కలరా లేచిందంటే, ఆ క్రిమి వంశవృక్షం చాలాసార్లు మన తీరానికే వచ్చి ఆగుతుంది. 2010లో హైతీకి కలరా తెచ్చిన క్రిమి కూడా నేపాల్ నుంచి వెళ్లినదే.

మూట దించుకుంది, మళ్లీ ఎత్తుకుంది

యెమెన్ కథ మనం నిదానంగా చూడాలి. నాకు తెలిసి యాంటీబయాటిక్స్ గురించి ఇంత స్పష్టంగా చెప్పే ఉదాహరణ ఇంకోటి లేదు.

2016లో యుద్ధం మధ్యలో అక్కడ కలరా మొదలైంది. 2017 చివరికి అనుమానిత కేసులు పది లక్షలు దాటాయి. ఆ క్రిమి దక్షిణాసియాలో పుట్టి, తూర్పు ఆఫ్రికా మీదుగా యెమెన్ చేరిందని జన్యు పరీక్షలు చెప్పాయి. విచిత్రం ఏమిటంటే, అప్పట్లో ఆ క్రిమి చాలా మందులకు లొంగేది. ఎస్ఎక్స్‌టీ మూటలో పెద్ద భాగాన్ని అది వదిలేసుకుంది. అవసరం లేనప్పుడు బరువు మోయడం క్రిమికి కూడా నష్టమే. మూట లేని క్రిమి తేలిగ్గా, త్వరగా పెరగవచ్చు.

అంత పెద్ద ఉత్పాతంలో మందుల వాడకం కూడా అంతే పెద్దది. గర్భిణులకు, పిల్లలకు ఎరిత్రోమైసిన్, అజిత్రోమైసిన్ విరివిగా ఇచ్చారు. వాటిని తప్పు పట్టలేం, ప్రాణాలు పోతున్న చోట ఇచ్చిన మందులవి. కానీ 2018లో యెమెన్ కలరా క్రిముల్లో ఒక ప్లాస్మిడ్ ప్రత్యక్షమైంది. ప్లాస్మిడ్ అంటే క్రిమి అసలు జన్యు పదార్థానికి వెలుపల ఉండే చిన్న డీఎన్ఏ చక్రం. వేరే జాతి బ్యాక్టీరియా నుంచి కూడా అందుకోవచ్చు. అజిత్రోమైసిన్ కుటుంబానికి నిరోధకత అందులో ఉంది, ఇంకా చాలా మందులకు కూడా. ఏడాది తిరిగేసరికి అక్కడ పరీక్షించిన క్రిముల్లో దాదాపు అన్నిటిలోనూ అదే. మాయోట్‌కు చేరింది ఈ వంశమే.

ఇలాంటిదే చాలా ముందు టాంజానియాలో జరిగింది. 1977లో అక్కడ కలరా లేచినప్పుడు రోగులకే కాకుండా, రాకుండా ఉండటానికని చుట్టుపక్కల వాళ్లకూ టెట్రాసైక్లిన్ పంచారు. మొదట్లో అన్ని క్రిములూ ఆ మందుకు లొంగేవి. అయిదు నెలలు గడిచేసరికి నూటికి 76 లొంగడం మానేశాయి.

అయిదే నెలలు. వర్షాకాలం మొదలై దీపావళి వచ్చేలోపు.

మీ కడుపులో జరిగేది

‘మా అమ్మకు వచ్చింది కలరా కాదు కదా, మామూలు మోషన్సే. ఓ రెండు బిళ్లలు వేస్తే ఏమైంది?’ అని చదువుకున్నవాళ్లే అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. మామూలు నీళ్ల విరేచనాల్లో ఎక్కువ భాగం వైరస్‌ల వల్ల, లేదా తమంతట తగ్గిపోయే క్రిముల వల్ల వచ్చేవే. అజిత్రోమైసిన్ వేస్తే ఆ వైరస్‌కు ఏమీ కాదు. కానీ మన పేగుల్లో కాపురం ఉండే కోట్లాది బ్యాక్టీరియాకు మాత్రం మందు తగులుతుంది. లొంగేవి చస్తాయి, లొంగని జన్యువు ఉన్నవి మిగిలి పెరుగుతాయి. అవి మురుగులోకి పోతాయి. మురుగు కాలువలో, పగిలిన మంచినీటి పైపు పక్కన, కలరా క్రిమి వాటిని కలుసుకుంటుంది. ప్లాస్మిడ్‌లు చేతులు మారేది అక్కడే. కలరా క్రిమికి ఇంకో విద్య కూడా ఉంది. రొయ్య పొట్టు మీద కూర్చున్నప్పుడు పక్కనున్న బ్యాక్టీరియాను పొడిచి చంపి, దాని జన్యువులను లోపలికి లాక్కోగలదు. దొంగతనం చూసి నేర్చుకోవాల్సిన పని లేదు దానికి.

అజిత్రోమైసిన్‌ను కలరా కోసమే దాచుకోవాలని కూడా కాదు. 2016లో హైదరాబాద్‌లో (మనది కాదు, పాకిస్థాన్ సింధ్‌లోని హైదరాబాద్) మొండి టైఫాయిడ్ మొదలైంది. దానికి నోటితో వేసుకునే మందుల్లో నమ్మదగ్గది అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. జలుబుకీ, గొంతు గరగరకీ, మోషన్స్‌కీ మనం మూడేసి బిళ్లలు మింగుతున్నది ఆ మందునే. స్ట్రిప్ మీద ఎర్ర గీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా వాడొద్దని కేంద్ర ఆరోగ్యశాఖ 2016 నుంచీ చెబుతూనే ఉంది. ఆ గీతను ఎంతమంది గమనించారో మీ ఇంట్లోనే అడిగి చూడండి.

క్రిమి నిరోధించలేని మందు

కలరాలో ప్రాణం తీసేది నీరు పోవడం. దాన్ని నిలిపేది ఓఆర్ఎస్. విషం పేగులో ఒక కుళాయిని తెరిచినా, గ్లూకోజ్‌తో కలిపి ఉప్పును లోపలికి పీల్చుకునే ఇంకో ద్వారాన్ని ముట్టుకోదు. ఓఆర్ఎస్ ఆ ద్వారం గుండా నీటిని లోపలికి తీసుకెళ్తుంది. ఇది పనిచేసేది మన పేగు మీద. క్రిమితో దీనికి సంబంధమే లేదు కాబట్టి, ఎన్ని ప్లాస్మిడ్‌లు మోసుకొచ్చినా ఏ క్రిమీ దీనికి నిరోధకత తెచ్చుకోలేదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, బొంగావ్‌లో, సెలైన్ అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబీస్ డ్రమ్ముల్లో ఉప్పు, గ్లూకోజ్ నీళ్లు కలిపి బంధువుల చేతే తాగించారు. నూటికి 30 దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి.

కాబట్టి ఇంట్లో ఎవరికైనా నీళ్ల విరేచనాలు మొదలైతే మొదటి పని ఓఆర్ఎస్ కలపడం. ప్యాకెట్ మీద ఎంత రాసి ఉంటే అంత కాచి చల్లార్చిన నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. గ్లాసులో కొంచెం, రేపటికి కొంచెం పని చేయదు. ఇరవై నాలుగు గంటలు దాటితే పారబోయాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, టీస్పూనుతో తలకొట్టి. ఉప్పేసిన పలచని గంజి కూడా మంచిదే. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచాతో మళ్లీ మొదలుపెట్టండి. తాగితే విరేచనం ఎక్కువవుతుందేమో అనిపిస్తుంది. అయినా ఆపొద్దు. పిల్లలకు తల్లిపాలు, తిండి ఆపొద్దు. జింక్ బిళ్లలు పద్నాలుగు రోజులు ఇవ్వాలి. అట్టపెట్టెల్లో వచ్చే తియ్యటి పానీయాలను ఓఆర్ఎస్ అనుకుని కొనొద్దు. వాటిలో చక్కెర ఎక్కువ, విరేచనాన్ని పెంచుతాయి. ఆ పానీయాల మీద ఓఆర్ఎస్ అనే మాట వాడకుండా ఆపాలని మన హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ నిషేధించింది. పాత సరుకు ఎక్కడైనా ఉంటే చూసుకోండి.

మరి యాంటీబయాటిక్ ఎప్పుడు? కలరా అని గట్టిగా అనుమానం ఉండి, నీరు బాగా పోయినవాళ్లకు. అప్పుడు అది విరేచనాలను ఒకటిన్నర రోజు ముందే ఆపుతుంది, పోయే నీటిని సగానికి తగ్గిస్తుంది. అది చిన్న మేలు కాదు. ఒక వార్డులో యాభై మంది ఉన్నప్పుడు, సెలైన్ బాటిళ్లు అయిపోతున్నప్పుడు దాని విలువ తెలుస్తుంది. ఇప్పుడు పెద్దలకూ, పిల్లలకూ, గర్భిణులకూ మొదట సిఫారసు చేస్తున్నది డాక్సీసైక్లిన్, అదీ ఒకే ఒక్క డోసు. రక్తం, జ్వరం ఉన్న విరేచనాలు వేరే జబ్బు, వాటికి వేరే వైద్యం. మోషన్లు కట్టేసే బిళ్ల మాత్రం కలరాలోనూ, చిన్నపిల్లల్లోనూ వాడకూడదు. రోగి నీరసంగా తూలుతున్నా, మత్తుగా ఉన్నా, ఆరు గంటలు మూత్రం రాకపోయినా ఇంట్లో ప్రయోగాలు ఆపి ఆసుపత్రికి రండి. దారిలో కూడా ఓఆర్ఎస్ పడుతూనే ఉండండి.

టీకా మాటేమిటని అడుగుతారు. నోట్లో వేసే కలరా టీకాకు ప్రపంచమంతా కొరత. 2022 అక్టోబరు నుంచి ఉత్పాతాలు వచ్చినచోట రెండు డోసులకు బదులు ఒక్కటే ఇస్తున్నారు. హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్ 2024 ఆగస్టులో ‘హిల్‌కాల్’ అనే టీకా తెచ్చింది, అది కొంత లోటు తీర్చాలి. మందులకు లొంగినా, లొంగకపోయినా టీకాకు క్రిమి ఒకటే, అది మేలు. పైపు పగిలితే మాత్రం టీకా అతుకు వేయలేదు. 2009 మే నెలలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో కలరా ప్రాణాలు తీసింది మంచినీళ్లలో మురుగు కలిసే. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో విరేచనాలు ప్రబలి మనుషులు పోయారు. 2025 జూన్‌లో పక్కనే ఒడిశాలో, జాజ్‌పూర్ జిల్లాలో కలరా తేలింది. ఏటా ఏదో ఒక ఊరు.

ఒక చిన్న సీసా

మళ్లీ ఆ పెద్దావిడ దగ్గరకు వస్తాను. క్రిమి ఏ మందుకు లొంగుతుందో తెలియాలంటే విరేచనం నమూనా తీసి ల్యాబ్‌లో పెంచాలి. నిమిషాల్లో చెప్పే కార్డు పరీక్ష కలరా ఉందా లేదా అన్నది సూచిస్తుంది గానీ, మందుల సంగతి చెప్పదు. నమూనా యాంటీబయాటిక్ వేయకముందే తీయాలి. ఒక్క డోసు పడ్డా క్రిమి పెరగకపోవచ్చు. జబ్బు నిండా ఉంటుంది, రిపోర్టులో మాత్రం ఏమీ ఉండదు. మన దగ్గర తిరుగుతున్న క్రిమి ఏ మూట మోస్తోందో తెలిసే దారి అక్కడే మూసుకుపోతుంది. అందుకే ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురికి నీళ్ల విరేచనాలు కనబడితే మెడికల్ షాపుకంటే ముందు ఆశా కార్యకర్తకో, ఏఎన్ఎంకో, పీహెచ్‌సీకో చెప్పండి. వాళ్లు వచ్చి నమూనా తీసుకుంటారు, నీళ్లూ పరీక్షకు పంపుతారు.

ఆవిడ నమూనా కూడా పంపాం. వాళ్ల వీధిలో ఇంకో నలుగురికి అదే బాధని కొడుకు చెప్పాడు. వాళ్లూ అదే షాపులో అవే బిళ్లలు వేసుకున్నారట. మూడు రోజులకు ల్యాబ్ నుంచి కాగితాలు వచ్చాయి. అయిదింటి మీదా ఒకటే మాట: ‘నో గ్రోత్’. మున్సిపాలిటీ వాళ్లు వీధి చివర కాలువలోంచి వెళ్తున్న పైపు మార్చారు, కేసులు ఆగాయి. ఆవిడకు వచ్చింది కలరానో కాదో, ఏ మందుకు లొంగేదో, లొంగనిదో నాకు ఇప్పటికీ తెలియదు.